కిలోమీటర్లు కాక ఇంకేం మారింది?

పరుగెత్తేవాళ్ళు నా గదిలోకి వచ్చే తీరే వేరు. మామూలు మనిషి నొప్పి ఎక్కడో చూపించి కూర్చుంటాడు. వీళ్ళు ముందు లెక్కలు తీస్తారు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎంత సేపట్లో, గుండె ఎంత కొట్టుకుంది, షూ కొని ఎన్నాళ్ళయింది. ఫోనులోనో, చేతి గడియారంలోనో, కొందరికి కాగితం మీదనో ఉంటుంది. విశాఖలో ఎముకల డాక్టరుగా ఇన్నేళ్ళు గడిపాక ఆ లెక్కలంటే నాకు గౌరవమూ ఉంది, కొంచెం అనుమానమూ ఉంది. అనుమానం ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

2025 మే నెల మధ్యలో ఓ ముప్పై ఏడేళ్ళ మనిషి వచ్చాడు. ఫార్మా కంపెనీ ల్యాబులో కెమిస్టు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్, ఫుల్ పరుగెత్తాలని, అంటే 42.195 కిలోమీటర్లు, సాధన చేస్తున్నాడు. కుడి కాలి ముందెముక లోపలి అంచు పొడుగునా నొప్పి. ఎక్సెల్ షీటు ప్రింటు తీసి నా బల్ల మీద పరిచాడు. మార్చిలో వారానికి 28 కిలోమీటర్లు, ఇప్పుడు 55. "తొందరపడ్డావు" అన్నాను. ఒప్పుకున్నాడు. వేలితో నొక్కి చూశాను, నొప్పి జానెడు పొడవున పరుచుకుని ఉంది. అలా ఉంటే ఎముక మీది పొర వాపే అనుకుంటాం, అది చాలావరకు నిజమే. ఎక్స్‌రేలో ఏమీ లేదు. సగానికి తగ్గించు, ఐసు పెట్టు, రెండు వారాలాగి రా అని పంపేశాను.

పది రోజులకే వచ్చాడు, ఈసారి భార్యతో. నడకలోనే తేడా తెలిసిపోయింది. కాలు చాపించి బొటనవేలితో ఎముక అంచు వెంట పైనుంచి కిందికి నొక్కుతూ వచ్చాను. మోకాలి కింద ఏమీ లేదు. సగం దాటింది, లేదు. ఇంకో రెండు వేళ్ళ దూరం దిగేసరికి కాలు ఒక్కసారి లాగేసుకున్నాడు. రూపాయి బిళ్ళంత చోటు. ఒంటికాలి మీద గెంతమన్నాను. ఒక్క గెంతుకే మొహం మారిపోయింది. ఎంఆర్ఐలో ఆ రూపాయి బిళ్ళ దగ్గరే ఎముకలో సన్నటి చీలిక మొదలై ఉంది. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎక్స్‌రేకు ఇది మొదటి రెండు మూడు వారాలు కనబడదు. అది నాకు తెలుసు. తెలిసీ మొదటిసారి దాన్నే నమ్మి పంపించాను.

"తగ్గించలేదా?" అన్నాను.

"తగ్గించాను సార్. సగానికే."

అప్పుడు భార్య అందుకుంది. "అసలు సంగతి చెప్పండి. ఉజ్జోగం మానేశారండి. డీఎస్సీ రాస్తన్నారు."

మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, 16,347 టీచరు పోస్టులు. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తున్న బీఈడీ వాళ్ళలో ఇతనొకడు. టెట్ మార్కులు బాగానే ఉన్నాయి, వాటికి 20 శాతం వెయిటేజీ. స్కూల్ అసిస్టెంటు, ఫిజికల్ సైన్స్. పన్నెండేళ్ళు ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు తిరిగిన మనిషి వారం తిరక్కుండా రాజీనామా ఇచ్చేశాడు. జూన్‌లో పరీక్ష. రాత్రి ఒంటిగంట దాకా చదువు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బీచ్ రోడ్డు. "షిఫ్టులు లేవు కదా, టైముంది కదా అని కిలోమీటర్లు పెంచాను సార్" అన్నాడు.

నా మొదటి చీటీ తీసి చూసుకున్నాను. కిలోమీటర్లు, షూ, రోడ్డు ఎగుడుదిగుళ్ళు అన్నీ రాసి ఉన్నాయి. నిద్ర గురించి లేదు. ఉద్యోగం అన్నచోట "ఫార్మా" అని ఉంది. అప్పటికే అది పాత ఉద్యోగం. నేను అడగలేదు, అతను చెప్పలేదు. డీఎస్సీకీ కాలి నొప్పికీ ఏమిటి సంబంధం అనుకుని ఉంటాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

సంబంధం ఉంది. ఎముకంటే ఒకసారి పోసి వదిలేసిన కాంక్రీటు కాదు. బరువు పడ్డచోటల్లా పాత ఎముకను తవ్వి తీసేసే కణాలు కొన్ని, ఆ గుంతలో కొత్తది కట్టే కణాలు కొన్ని ఉంటాయి. మా వీధిలో కేబుల్ కోసం రోడ్డు తవ్వినట్టే. తవ్వడం సుమారు మూడు వారాల్లో అయిపోతుంది. పూడ్చి గట్టిపరచడానికి మూడు నెలలు కావాలి. ఈ మధ్యకాలంలో ఆ చోటు బలహీనంగా ఉంటుంది. పాత గుంత పూడకముందే పక్కన ఇంకోటి తవ్వుకుంటూ పోతే ఏదో ఒకరోజు లారీ దిగబడుతుంది. ఆ పూడ్చేవాళ్ళకు కావలసిన సరంజామా తిండి నుంచి, నిద్ర నుంచి వస్తుంది. మూడున్నర గంటల నిద్రతో వాళ్ళు ఏం పూడుస్తారు?

చిత్రమేమిటంటే ఈ జబ్బు మొదట రాతకెక్కింది ఆటగాళ్ళ గురించి కాదు. 1855లో బ్రైట్‌హౌప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు కవాతు చేసే సిపాయిల పాదాల్లో వచ్చే నొప్పీ వాపూ గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రేనే లేదు. కొత్తగా పటాలంలో చేరినవాళ్ళలో ఇది ఎక్కువని మాకు చదువుకునే రోజుల్లోనే చెప్పారు. అంటే నిన్నటిదాకా ఇంకో పని చేసుకుంటూ, పనీ నడకా నిద్రా అన్నీ ఒకే నెలలో మారిపోయినవాళ్ళు. పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఈ ముక్క బుర్రకెక్కడానికి నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది. ఇజ్రాయెల్ సైన్యంలో ఎముకల డాక్టర్లు ఈ జబ్బుతో పాతికేళ్ళు తంటాలు పడ్డారు. చివరికి పనిచేసినవి రెండు: రాత్రి కనీసం 6 గంటల నిద్ర ఉండి తీరాలన్న నియమం, మొత్తం కవాతు దూరం తగ్గించడం. ఆ రెండూ కలిసి విరుగుళ్ళను 60 శాతానికి పైగా తగ్గించాయని 2008లో రాశారు. మందు చీటీలో నిద్ర అని రాస్తే మనవాళ్ళు నవ్వుతారు. నిద్రమాత్ర రాస్తే మాత్రం కొనుక్కుంటారు.

"హైదరాబాద్ లేదు. డీఎస్సీ ఉంది. ఏడు గంటలు పడుకోవాలి" అన్నాను.

"ఐదు సార్. సిలబస్ మిగిలిపోయింది."

"ఏడు."

"ఆరు."

భార్య నవ్వింది. రైతుబజారులో వంకాయల దగ్గర బేరమాడుతున్నట్టుంది మా వ్యవహారం. ఆరున్నరకు తెగింది.

అతని తర్వాత నేను ప్రతి పరుగువీరుణ్ణీ అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ ఏడాది కిలోమీటర్లు కాక ఇంకేం మారింది? అడగడం మొదలుపెట్టాక తెలిసింది, చాలామందికి చాలా మారింది. నలభై దాటాక కొత్త బతుకు మొదలుపెట్టేవాళ్ళూ, నలభై దాటాక పరుగు మొదలుపెట్టేవాళ్ళూ తరచుగా ఒకళ్ళే. ఆ రెండూ ఒక కోరిక నుంచే పుడతాయని నా అనుమానం. ఇక ఇలాగే ఉండిపోతానా అన్న ప్రశ్న ఒకటి ఉంటుందే, అది. కాబట్టి ఒకటి మానెయ్యమనడం సులువు కాదు.

ఒకావిడ బ్యాంకు ఆఫీసరుగా ఇరవయ్యేళ్ళు చేసి మానేసి టిఫిన్ సెంటరు పెట్టింది. హాఫ్ మారథాన్లు హాయిగా పరుగెత్తే మనిషి, పది కిలోమీటర్లకే కాళ్ళు బరువెక్కుతున్నాయని వచ్చింది. మోకాళ్ళు అరిగాయేమో చూడమంది. మోకాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12.1, నార్మలేనని ల్యాబువాళ్ళు అన్నారట. నా ప్రశ్న అడిగాను. తెల్లవారి మూడింటికి లేస్తుంది. రోజుకు మూడొందల ఇడ్లీలు. తను ఏం తింటుంది? చాలాసేపు ఆలోచించింది. చట్నీలో ఉప్పు సరిపోయిందో లేదో చూడటం, అరగంటకోసారి టీ, సాయంత్రం నాలుగింటికి అన్నం. ఊళ్ళో వాళ్ళకు పలహారం పెట్టి తను పస్తు. ఫెర్రిటిన్ చేయించాను, 9 వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటితే గానీ ఆ అంకె రాదు. హిమోగ్లోబిన్ అప్పటికింకా గీత మీదే నిలబడి ఉంది. నెలసరి ఎక్కువగా అవుతోందంటే గైనకాలజిస్టు దగ్గరికి కూడా పంపాను. ఇనుము బిళ్ళలు రాసి, బిళ్ళకూ టీకీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలన్నాను, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఎనిమిదింటి గిరాకీలో మొదటి ప్లేటు తనకే వడ్డించుకోవాలన్నాను. "అప్పుడు జనం నిలబడి ఉంటారండీ" అంది. ఉండనివ్వండి, వాళ్ళకు ఫెర్రిటిన్ బాగానే ఉంటుంది అన్నాను. మూడు నెలల తర్వాత వచ్చి చెప్పింది, ప్లేటు మాత్రం పదింటికేనట.

నేను గట్టిగా తప్పు చేసిన కేసు మాత్రం సైకిలు మనిషిది. యాభై రెండేళ్ళు. ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ ఇచ్చేసి, ఉన్న డబ్బంతా పెట్టి సోలార్ ప్యానెళ్ళు బిగించే వ్యాపారం మొదలుపెట్టాడు. దూరపు సైక్లింగ్ ఆయనకు పిచ్చి. అందులో బ్రెవే అని ఉంటుంది, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 అయితే నలభై గంటల్లో పూర్తి చెయ్యాలి. 600 చేసొచ్చాక కుడి చేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. వేళ్ళు దగ్గరికి నొక్కి పట్టుకోమని, మధ్యలో కాగితం పెట్టి లాగాను. కాగితం ఇట్టే వచ్చేసింది. గంటల తరబడి హ్యాండిల్ మీద అరచేతి అంచు ఆనించడంవల్ల మణికట్టు దగ్గర నరం నలుగుతుంది, తెలిసిన జబ్బే. ఆరు వారాలు సైకిలు ముట్టొద్దన్నాను. నా ప్రశ్న అడిగి, వ్యాపారం సంగతి విని, "ఇప్పుడీ రెండు పడవల ప్రయాణం ఎందుకు, ముందు వ్యాపారం చూసుకోండి" అని ఓ సలహా కూడా పారేశాను.

మూడో వారంలో ఆయన భార్య ఒక్కతే వచ్చింది. "డాక్టరు గారూ, ఆయన్ని మళ్ళీ సైకిలెక్కించండి" అంది. రాత్రంతా బాకీల లెక్కలు వేస్తూ కూర్చుంటున్నాడట. పిల్లల మీద అరుస్తున్నాడట. ఎప్పుడూ లేనిది తనతో మాట్లాడటం మానేశాడట. ఇన్వర్టరు ధర, సబ్సిడీ ఫైలు, కస్టమరు మాట, ఏదీ ఆయన చేతిలో లేదు. ఆ రోజుల్లో ఆయన చేతిలో ఉన్నది ఆ సైకిలు హ్యాండిలొక్కటే. దాన్నే నేను లాగేసుకున్నాను. మర్నాడే పిలిపించాను. హ్యాండిల్ రెండు వేళ్ళు ఎత్తించి, టేపు రెండు వరసలు చుట్టించి, జెల్ గ్లవ్స్ కొనిపించి, రోజుకు అరగంట, పది నిమిషాలకోసారి చెయ్యి మార్చేలా అనుమతిచ్చాను. నరానికి అది ఉత్తమమైన వైద్యం కాదు. నరం కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, బహుశా సైకిలు పూర్తిగా మానేసి ఉంటే మూడు నెలలకే తగ్గేదేమో. మళ్ళీ అదే కేసు వస్తే మళ్ళీ అలాగే చేస్తాను.

అంతకుముందు ఈ విషయం నాకు తెలియకూడదా అంటే, తెలిసి ఉండాల్సిందే. నలభై ఆరో ఏట ప్రభుత్వ ఉద్యోగం వదిలి సొంత క్లినిక్ పెట్టినప్పుడు మడమ వెనక స్నాయువు వాచి నేను తొమ్మిది నెలలు కుంటాను. కొత్త షూ వల్ల అని అందరికీ చెప్పాను. బ్యాంకు లోను గురించి ఎవరికీ చెప్పలేదు. 1936లో హాన్స్ సెల్యే మాంట్రియల్‌లో ఎలుకల మీద చూసిందీ ఇదే. చలిలో పెట్టినా, కోసినా, అలసిపోయేదాకా కదిలించినా లోపల జరిగేది ఒకే తంతు. దెబ్బ ఏ వైపునుంచి వచ్చిందని శరీరం విడివిడిగా పద్దు రాసుకోదు. ఎలుకలకు ఈఎంఐలు లేవు కాబట్టి ఆయన అంతవరకే చూడగలిగాడు.

కెమిస్టు అబ్బాయి పరీక్ష రాశాడు. ఆగస్టులో హైదరాబాద్ వెళ్ళలేదు. సెప్టెంబరులో నడక, పరుగు కలిపి మొదలుపెట్టించాను, నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. మొదటి వారం మొత్తం కలిపినా అయిదు కిలోమీటర్లు కాలేదని ఎక్సెల్ షీటు చూపించి వాపోయాడు. ఈసారి షీటులో కొత్త గడి ఒకటుంది, నిద్ర అని.

అక్టోబరు చివర్లో ఫోను చేశాడు. ఉద్యోగం వచ్చింది, అనకాపల్లి అవతల ఓ ఊళ్ళో హైస్కూలు. గొంతులో సంతోషం పొంగుతోంది. అభినందించాను. తొమ్మిదో తరగతి పిల్లలు తను చెప్పకముందే తన పరుగు సంగతి ఎలాగో కనిపెట్టి, రోజూ గ్రౌండుకు లాక్కుపోతున్నారట.

"సార్, ఒక డౌటు" అన్నాడు.

"చెప్పు."

"బస్సు దిగిన చోటునుంచి బడికి రెండు కిలోమీటర్లు నడక. రానూపోనూ నాలుగు. అది కూడా షీటులో రాయాలా?"

రాయమన్నాను. బస్సులో నిలబడ్డ గంట కూడా రాయమన్నాను.