అమ్మ మడమ

మా కోటవురట్లలో మడమ నొప్పంటే అందరూ ఒకటే చెప్తారు: "ఎముక పెరిగింది." అమ్మా అదే నమ్మింది. ఆపరేషన్ అంటారేమోనని ఏడాదిగా నోరెత్తలేదు. పొద్దున్న మంచం దిగితే మొదటి నాలుగడుగులకీ ప్రాణం పోయేది.

మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా. మన సివిల్ వాళ్ల భాషలో ఆర్చి కింద టై రాడ్. రాత్రంతా బిగుసుకుని, లేవగానే బరువు పడితే లాగుతుంది. ఎక్స్‌రేలో కనిపించే ఆ ముల్లు నొప్పి లేనివాళ్లకీ ఉంటుందట!

డాక్టరుగారు చెప్పినవి చిన్నవే. మంచం దిగేముందు తువ్వాలుతో పాదాన్ని వెనక్కి లాగాలి, గోడకి చేతులానించి పిక్క సాగదీయాలి, ఐసు పెట్టాలి. తగ్గడానికి నెలలు పడుతుందన్నారు. అన్నీ చేసింది గానీ, గచ్చు మీద మెత్తటి చెప్పులంటే ఒప్పుకోలేదు. వంటింట్లో దేవుడి పటాలున్నాయి మరి.

నాన్న పటాలన్నీ ముందుగదిలోకి మార్చేశారు.