రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు

గిద్దలూరులో కొమరోలు బస్సు ఎక్కాను. పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు, నడుమ ఒక పొడుగాటి లోయ. పాత ప్రకాశం జిల్లా పడమటి అంచు ఇది. 1970 వరకూ ఈ గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతమంతా కర్నూలు జిల్లా. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు ఇటు కలిపారు. జిల్లా మారినా నీటి దారులు మారలేదు. గిద్దలూరు మీదుగా వచ్చే సగిలేరు దక్షిణానికి తిరిగి కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తుంది. ఉత్తరాన కంభం వైపు కురిసిన వాన గుండ్లకమ్మ పాలు. ఆ ఏరు మార్కాపురం దిక్కుగా సాగి, అద్దంకి దాటి, ఒంగోలుకు సమీపంలో సముద్రంలో పడుతుంది. ఇంకా పైన, దోర్నాల దగ్గర, కొండను తొలిచి కృష్ణ నీళ్లు రప్పించే పని ఏళ్లుగా సాగుతోంది. మూడు నదుల కథ ఒక్క లోయలో నడుస్తున్నప్పుడు దాన్ని కాగితాల మీద చదివితే చాలదనిపించి బయల్దేరాను.

పక్క సీట్లో ఒక పెద్దాయన, కాళ్ల దగ్గర యూరియా సంచి. నా చేతిలో పటం చూసి, "సర్వేకొచ్చినారా సార్?" అన్నాడు. కాదు, నీళ్ల సంగతి చూద్దామని వచ్చానన్నాను. "చూడ్డానికి ఉంటే కదా!" అని నవ్వాడు. వాళ్ల నాయన తవ్వించిన బావిలో కపిల తోలేవాళ్లట. తర్వాత కరెంటు మోటారు, ఆ తర్వాత బోరు. "ఒక బోరుకు నీళ్లు పడితే పక్కాయన బోరు ఎండె. ఆయన ఇంకా లోతుకు పోతే నాది ఎండె. అప్పులు మాత్రం ఇద్దరికీ మిగిలినాయి" అన్నాడు. పైగా ఈ మెట్ట ప్రాంతంలో చాలాచోట్ల లోతు నీటిలో ఫ్లోరైడ్. తాగేవాళ్ల పళ్లకూ ఎముకలకూ ముప్పు.

కొమరోలులో దిగి టీ తాగి, ఊరి బయటి వాగు వెంట నడిచాను. కంది చేలు, ప్రత్తి చేలు, గట్ల మీద చిల్లచెట్లు. వాగుకు అడ్డంగా ఒక చెక్‌డ్యామ్. దాని వెనక మోకాలెత్తు ఇసుక మేట, కాస్త తడి. ఇలాంటి కట్టడాల వెనక ఒక తెలుగు ఆర్థికవేత్త ఆలోచన ఉంది. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన కమిటీ 1994లో ఇచ్చిన నివేదికతోనే దేశమంతా గ్రామీణాభివృద్ధి శాఖ వాటర్‌షెడ్ పథకాలకు ఒకే మార్గదర్శకాలు వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల నేలను ఒక ముక్కగా తీసుకుని, వాన నీటిని గట్టు మీద మొదలుపెట్టి పల్లం దాకా ఆపుకుంటూ రావడం, ఆ పనిని ఊరివాళ్ల చేతికే ఇవ్వడం దాని సారం. పైన కొండవాలులో కందకాలు, నడుమ చేలగట్లు, కింద ఊటకుంటలు. ఈ వరస తప్పి, పైన ఏమీ చేయకుండా కింద గోడ కడితే ఏమవుతుందో నా ముందున్న ఇసుక మేట చెబుతూనే ఉంది.

వాగు పక్క చేలో పనిచేసుకుంటున్న రైతును పలకరించాను. "నీళ్లు ఆపడం ఒకెత్తన్నా, ఎన్ని ఉండాయో తెలుసుకోడం ఒకెత్తు" అన్నాడాయన. ఆ రెండో ఎత్తును ఈ నేల ఒకప్పుడు చేసి చూపింది. 2000 తర్వాతి దశాబ్దంలో ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే భూగర్భ జలాల లెక్క రాసుకునే పథకం నడిచింది. వానమాపకం చూసేది రైతులే, బోరుబావిలో నీటిమట్టం కొలిచేదీ రైతులే. రబీ ముందు అందరూ కూర్చుని, వాగు పరిధిలో ఎంత నీరు చేరింది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క కట్టేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క కళ్లముందు ఉంటే చాలామంది ఆరుతడి పంటలకు మళ్లారు. హద్దుగా ఊరిని కాకుండా వాగును తీసుకోవడం ఆ పథకంలోని తెలివి.

అక్కణ్ణుంచి కలసపాడు మీదుగా పోరుమామిళ్ల పోయాను. దారిలో జిల్లా మారిందని ఒక బోర్డు చెప్పింది. నేల రంగులో, పంటలో ఏ తేడా కనబడలేదు. పోరుమామిళ్ల చెరువు 1369లో కట్టింది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరరాయలు కట్టించాడు. భైరవాలయం ముందు నిలిపిన సంస్కృత శాసనం చెరువు కట్టే శాస్త్రాన్నే రాయి మీదికి ఎక్కించింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్క చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇవి అయిదు. మిగిలింది నన్ను అక్కడే నిలబెట్టేసింది: రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు ఉండటం. ఆరువందల యాభై ఏళ్ల కిందటి ఇంజనీరుకు కట్ట బలం ఎంత ముఖ్యమో, పైనా కిందా ఉన్న మనుషుల మధ్య తగవు లేకపోవడమూ అంతే ముఖ్యమని తెలుసు.

ఆ దోషాన్ని దాటిన సందర్భమూ ఈ ప్రాంతం పక్కనే ఉంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ తమ కృష్ణా వాటాల నుంచి తలా 5 టీఎంసీలు మద్రాసు తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందమే తెలుగుగంగ అయింది. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా ఆ నీళ్లు 1996లో తమిళ నేలకు చేరాయి. నదీ పరీవాహకంలో లేని నగరానికి మూడు రాష్ట్రాలు దాహం తీర్చాయి.

మళ్లీ ఉత్తరానికి వచ్చి కంభం చెరువు కట్టెక్కాను. రెండు కొండల నడుమ సందులో గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట ఇది. జంపలేరు కూడా ఇందులోకే వస్తుంది. కృష్ణదేవరాయల భార్య, గజపతి ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. నిండితే ఏడు కిలోమీటర్ల పొడవు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం కంభం, పోరుమామిళ్ల చెరువులు రెండింటికీ వారసత్వ కట్టడాల గుర్తింపు ఇచ్చింది. నేను వెళ్లినప్పుడు నీరు కట్టకు దూరంగానే ఉంది. ఆయకట్టు పదివేల ఎకరాల పైచిలుకు. దానికి నీళ్లిచ్చే పరీవాహకం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కట్టకు మరమ్మతు చేయించడానికి ఒక శాఖ ఉంది. పైనున్న అడవి ఇంకో శాఖది, చేలు రైతులవి, బోర్లు ఎవరికి వారివి. అంటే కంభం చెరువు ఇవాళ నాలుగైదు రాజ్యాల పొలిమేర మీద ఉంది.

చివరికి దోర్నాల. శ్రీశైలం జలాశయపు కొల్లంవాగు నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు. పైన పులుల అభయారణ్యం ఉండటంతో నడుమ ఎక్కడా పైనుంచి తవ్వి దిగే వీలులేదు. 1996లో శంకుస్థాపన జరిగిన ఈ వెలిగొండ ప్రాజెక్టుకు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. 43.5 టీఎంసీల వరద నీరు, 4.47 లక్షల ఎకరాలు లక్ష్యం. 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితమయ్యాయి. నిర్వాసితుల పునరావాసం, మిగతా పనులు అప్పటికి తేలలేదు. పైగా అది మిగులు జలాల మీద ఆధారపడ్డ ప్రాజెక్టు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2,060 టీఎంసీలను మూడు రాష్ట్రాలకు పంచితే, ఇప్పుడు ఆ నది నాలుగు రాష్ట్రాలది. మిగులు ఎవరిదన్న పేచీ తెగలేదు.

యూరప్‌లో డాన్యూబ్ పరీవాహకం పంతొమ్మిది దేశాల్లో ఉంది. యుద్ధాలు చేసుకున్న దేశాలవి. 1994 నాటి ఒప్పందంలో చేరినవి నీటిని ఒకే పద్ధతిలో కొలిచి ఆ లెక్కలు అందరి ముందూ పెడుతున్నాయి. వాటికి సాధ్యమైంది ఈ లోయలోని రాచర్ల మండలానికీ కంభం మండలానికీ సాధ్యం కాదంటే నమ్మలేం.

కృష్ణ నీళ్లు రావాలి, అందులో సందేహం లేదు. కానీ సొరంగం ఈ లోయ సొంత వానకు బదులు కాదు. గుండ్లకమ్మకు పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా ఒక్క సంఘం కావాలి: అడవి శాఖ, నీటిపారుదల శాఖ, చెరువు ఆయకట్టుదారులు, ఎగువ బోర్ల రైతులు ఒకే బల్ల చుట్టూ కూర్చునేది. సగిలేటికి అలాంటిదే ఇంకొకటి, ఎగువా దిగువా ఉన్న రెండు జిల్లాలకూ కలిపి. ఏటా రబీ ముందు ఆ సంఘం నీటి లెక్కను ఊరి రచ్చబండ మీద చదివి వినిపించాలి. డబ్బు కన్నా ముందు దీనికి కావలసింది ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి. దాన్ని అడగవలసింది కొమరోలు, గిద్దలూరు, కంభం రైతులే.