సంచీ లేని రోజులు

3 నవంబర్ 2025, సోమవారం

బెంగళూరులో మా బడి ఏడో తరగతి వాళ్ళకు ఈ వారం నుంచి సంచీ లేని రోజులు. వరసగా కాదు, ఈ నెలా వచ్చే నెలా కలిపి అక్కడక్కడా సర్దారు. పొద్దున అసెంబ్లీలో చెప్పగానే లేచిన కేక ఐటీపీఎల్ రోడ్డు దాకా వినిపించి ఉంటుంది.

2020 జాతీయ విద్యా విధానంలోనే ఇది ఉంది. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలు పది రోజుల పాటు సంచీ పక్కన పెట్టి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు ఇలా ఊళ్ళోని పనివాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకోవాలి. ఎలా చెయ్యాలో చెప్పే మార్గదర్శకాలు 2024 జులైలో వచ్చాయి. చాలాచోట్ల ఈ పది రోజులూ మాల్ చూపించడానికీ సినిమా వెయ్యడానికీ అయిపోతున్నాయి. మా దగ్గర అలా కానివ్వకూడదని ప్రిన్సిపల్ గారిని అడిగి ఈ బాధ్యత నేనే తీసుకున్నాను.

సైన్సు పీరియడ్‌లో స్ప్రింగ్ త్రాసు తెచ్చి సంచీలు తూయించాను. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు నాలుగు కిలోలు మించకూడదని కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. 2019లో ఇచ్చారు, 2023లో మళ్ళీ గుర్తు చేశారు. ముల్లు ఐదు దాటినప్పుడల్లా క్లాసంతా చప్పట్లు. నాకు నవ్వు రాలేదు. నీళ్ళ సీసా, టిఫిన్ డబ్బా పోతే మిగిలిన బరువులో సగం బడి పుస్తకాలు కానే కావు, సాయంత్రం వెళ్ళే ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్ మాడ్యూళ్ళు.

ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో మొదటిసారి లేచి మాట్లాడింది సంచీల కింద వంగిపోతున్న పిల్లల గురించే. 1989 సంగతి. తర్వాత యశ్‌పాల్ కమిటీ వేశారు, 1993లో నివేదిక వచ్చింది. ఆనాడు ఆ బరువులు మోసిన పిల్లలే నా క్లాసు పిల్లల అమ్మానాన్నలు. వాళ్ళకు ఈ నొప్పి గుర్తుంటుందనే నా ఆశ.

5 నవంబర్, బుధవారం

కార్తీక పౌర్ణమి. సాయంత్రం దీపాలు పెట్టాక అక్కతో ఫోను. తాడిపత్రి దగ్గర హైస్కూల్లో చెప్తోంది. ఆంధ్రాలో ఇప్పుడు శనివారాలు నో బ్యాగ్ డే. "పిల్లోల్లు శనివారమైతే ఒక్కరు గూడా బడి ఎగ్గొట్టరే" అంది. ఇక్కడ కర్ణాటకలో నెలకొక్క శనివారం, మూడోది, దానికి సంభ్రమ శనివార అని పేరు. పేరు మాత్రం ఎంత బాగుందో.

ఎన్‌సీఈఆర్‌టీ కొత్తగా తెచ్చిన కౌశల్ బోధ్ పుస్తకం మళ్ళీ తిరగేశాను. జీవులతో పని, యంత్రాలూ వస్తువులతో పని, మనుషులకు అక్కరకొచ్చే పని అని మూడు రకాలు చేశారు. ఏటా మూడు ప్రాజెక్టులు, ఎనిమిది పూర్తయ్యేసరికి తొమ్మిది. ఏడాది చివర కౌశల్ మేళా. పుస్తకం రాసిన వాళ్ళకు పిల్లల చేతుల మీద నమ్మకం ఉంది. నాకది నచ్చింది.

6 నవంబర్, గురువారం

ఏఈసీఎస్ లేఅవుట్‌లో మా ఇంటి వెనక సందులో ఉన్న టైలర్ మాస్టరు దగ్గరికి మొదటి జట్టును తీసుకెళ్ళాను. ఆయనది ఆదోని. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒక్క ఊపిరిలో కలిపి మాట్లాడతారు. పిల్లల్లో తెలుగు వాళ్ళు, తమిళులు, మలయాళీలు, బెంగాలీలు ఉన్నారు. ఏ భాష ఎవరికి అందితే అది అందింది. "అంకుల్" అని పిలవబోతుంటే ఆపి, ఇవాళ్టికి ఆయన మీ మాస్టారు అని చెప్పాను.

పని: గుడ్డసంచి కుట్టడం. బడిసంచీ వదిలేసి వచ్చి ఇంకో సంచీ కుట్టడమేమిటని ఒక పిల్ల అడిగింది. కూరలకి పనికొస్తుంది, అమ్మకివ్వు అన్నారాయన.

బల్ల మీద తెల్ల కాటన్ పరిచారు. గజం పన్నా, రెండుంబావు గజాల పొడుగు. ఒక్కో సంచికి 15 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల పొడుగున్న ముక్క కావాలి, దాన్ని మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టాలి. ఎన్ని సంచులొస్తాయో చెప్పండప్పా అన్నారు. మా క్లాసులో లెక్కల ఒలింపియాడ్‌కి వెళ్ళే పిల్లాడు వెంటనే 81ని 36తో గుణించి, 480తో భాగించి ఆరు అన్నాడు. లెక్క తప్పు లేదు, ఆరుకు పైన కాస్త మిగులుతుంది కూడా.

"అయితే పెట్టి చూపీ" అన్నారాయన.

న్యూస్‌పేపర్ కత్తిరించి అచ్చులు చేసుకున్నారు. పక్కపక్కన రెండు, వాటి కింద రెండు. నాలుగు పట్టాయి. అంచు వెంట ఆరంగుళాల పీలిక, కింద 17 అంగుళాల ముక్క మిగిలాయి. ఐదోది నిలువునా పెడితే చాలదు. పిల్లాడు గుడ్డను చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో వెనకనుంచి ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి వచ్చి కాగితాన్ని అడ్డం తిప్పి పెట్టింది. పట్టేసింది. ఆరోదానికి చోటే లేదు. మిగిలిన పీలికల్లోంచి రెండంగుళాల వెడల్పున, 20 అంగుళాల పొడుగున చేతులు కత్తిరించుకోవచ్చని మాస్టారు చాక్‌తో గీసి చూపించారు. కావలసిన పదీ వచ్చాయి, ఐదు సంచులకూ రెండేసి.

అక్కడితో ఆపలేదాయన. తిప్పి పెట్టిన ముక్కకీ మిగతా వాటికీ తేడా ఏమిటో చెప్పమన్నారు. ఎవరూ చెప్పలేకపోతే రెండు ముక్కల్నీ పొడుగున పట్టి లాగించారు. తిప్పినది కొద్దిగా సాగింది. నేతలో పడుగు పోగు గట్టిగా బిగించి ఉంటుంది, పేక పోగు అంత కాదు. సంచికైతే నడుస్తుంది గానీ చొక్కాకు ఇలా తిప్పి కోస్తే నాలుగు ఉతుకులకే తీరు మారిపోతుందన్నారు. పిల్లలు వెంటనే తమ యూనిఫాం చొక్కాలు పట్టి లాగి చూసుకున్నారు. ఒక గుండీ తెగింది కూడా. అదీ పాఠమే అయింది, గుండీ ఎలా కుడతారో చూశారు.

వైశాల్యం పాఠం రెండేళ్ళుగా చెబుతున్నాం. ఒక ఆకారం ఇంకో దానిలో పడుతుందా లేదా అన్నది వైశాల్యం ఒక్కటే తేల్చదని ఇవాళ పిల్లలు చేత్తో పట్టుకుని చూశారు. ఆ ఒలింపియాడ్ పిల్లాడు తిరిగొచ్చేటప్పుడు దారంతా ఇదే మాట్లాడాడు: పన్నా 45 అంగుళాలైతే ఎన్నొస్తాయి, 48 అయితే ఎన్నొస్తాయి అని. ఓడిపోయినట్టు వాడికి అనిపించనే లేదు. అదే నాకు ఎక్కువ సంతోషం.

8 నవంబర్, శనివారం

కనకదాస జయంతి, సెలవు. ఒక తండ్రి ఫోను చేశారు, నెల్లూరు వారు, మర్యాదస్తులు. "మేడం, బాబుకి డిసెంబర్లో పరీక్ష ఉంది. టైలర్ దగ్గర గడిపే టైము సర్టిఫికెట్‌లో వస్తుందా?" రాదండీ అన్నాను. ఆయన ఆందోళన అబద్ధం కాదు. ఈ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో మన తెలుగువాళ్ళు ఎంత కష్టపడి ఈఎంఐలు కడుతున్నారో నాకు తెలుసు. పిల్లలకు ఒక్క మెట్టు కూడా జారకూడదని వాళ్ళ తపన.

అమెరికాలో మన పిల్లల సంగతి ఎత్తారు. నిజమే, నల్గొండ మూలాలున్న బృహత్ సోమ 2024లో ఏడో తరగతిలో ఉండగా స్క్రిప్స్ స్పెల్లింగ్ బీ గెలిచాడు, ఆఖరి పోరులో 90 సెకన్లలో 29 పదాలు తప్పు లేకుండా చెప్పాడు. ఆ గెలుపు నాకూ గర్వమే. అయితే నేను ఆయనకు మాలావత్ పూర్ణ గురించి చెప్పాను. నిజామాబాద్ జిల్లా పాకాల తండా నుంచి సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరిన పిల్ల. బడివాళ్ళు భువనగిరి కోట బండ ఎక్కడం నేర్పించడానికి తీసుకెళ్ళకపోతే తను కొండలెక్కగలదని ఆ పిల్లకే తెలిసేది కాదు. 2014 మే 25న, పద్నాలుగో ఏడు ఇంకా నిండకుండానే, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆ భువనగిరి ప్రయాణం ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ మార్కులుగా పడలేదు. పిల్లల్లో ఏముందో వాళ్ళకే తెలియని వయసిది, పన్నెండూ పదమూడూ. పది రకాల పనుల ముందు నిలబెడితే తప్ప ఏది పలుకుతుందో ఎవరికి తెలుస్తుంది?

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, తన తాతగారు నెల్లూరులో మగ్గం నేసేవారని చెప్పారు. వచ్చే జట్టుతో వస్తారా అని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

12 నవంబర్, బుధవారం

కుందలహళ్ళి చెరువు. బడి నుంచి నడిచే వెళ్ళాం. మెట్రో వంతెన కింద ఆ గోల దాటి లోపలికి అడుగుపెట్టగానే పిల్లల గొంతులు వాటంతట అవే తగ్గాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. కొంగలు, నామాల కోళ్ళు, పైన ఒక గరుడ పక్షి. పేర్లు తెలియనివాటికి రంగు, ముక్కు, కాళ్ళు రాసుకుని బొమ్మ వెయ్యమన్నాను.

ఇంకో గుంపుకు నీటి పని. ఇటలీలో ఏంజెలో సెక్కి అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1865లో సముద్రపు నీటి తేటదనం కొలవడానికి తెల్లని పళ్ళేన్ని తాడుతో దించి చూశాడు. ఎంత లోతులో పళ్ళెం కనబడకుండా పోతుందో అదే కొలత. ఇప్పటికీ ప్రపంచమంతా ఇదే వాడతారు. మా పిల్లలు స్టీలు పళ్ళేనికి తెల్ల రంగు వేసి, కింద రాయి కట్టి, అంగుళాల గుర్తులున్న తాడుతో పొడుగాటి వెదురు గెడకు వేలాడదీశారు. కంచె ఇవతల నుంచే దించాం.

ముగ్గురు చూస్తే ముగ్గురికీ మూడు అంకెలు. గొడవ మొదలైంది. ఎవరిది సరైనదో నన్ను తేల్చమన్నారు. నేను తేల్చలేదు. ఒకడు నీడ పడే వైపు నుంచి చూశాడని, ఒకమ్మాయికి కళ్ళజోడుందని, పళ్ళెం పోయేటప్పుడు ఒకసారీ, మళ్ళీ పైకి తెస్తూ కనబడేటప్పుడు ఒకసారీ రాస్తే మేలని వాళ్ళే కనిపెట్టారు. చివరికి అందరూ ఒకే చోట నిలబడి, రెండేసిసార్లు చూసి, సగటు తీశారు. అదే చోటికి వేసవిలో మళ్ళీ రావాలని కూడా వాళ్ళే అన్నారు. బెళ్ళందూరు చెరువులో మంటలు లేచిన సంగతి, 2017లోనూ 2018లోనూ, వీళ్ళకు కథలా మాత్రమే తెలుసు. అప్పటికి నాలుగైదేళ్ళ పసివాళ్ళు. నీళ్ళు ఎలా మండుతాయని ఒకడు అడిగితే, మురుగు నుంచి పుట్టే వాయువూ ఒడ్డున పోసిన చెత్తా గురించి అక్కడే కూర్చుని చెప్పుకున్నాం. క్లాసులో ఇంత శ్రద్ధగా విన్న రోజు నాకు గుర్తు లేదు.

17 నవంబర్, సోమవారం

బసవనగుడిలో కడలెకాయి పరిషె మొదలైంది. అనంతపురం దాన్ని, వేరుసెనక్కాయల తిరునాళ్ళంటే ప్రాణం లాగుతుంది. ఈ వైట్‌ఫీల్డ్ వైపు నుంచి సాయంత్రం అక్కడికి వెళ్ళి రావడం మాటలు కాదు. వచ్చే ఏడాది పిల్లల్ని తీసుకెళ్ళే దారి చూడాలి.

ఈలోగా వార్షిక సంచిక పని మొదలైంది. "విద్యార్థుల విజయాలు" అని ఒక పేజీ ఉంటుంది. పతకాలు, ర్యాంకులు, పక్కన ఫొటో. క్లాసుకు ముగ్గురో నలుగురో. నలభై మంది పిల్లల్లో మిగతా వాళ్ళు ఏడాదంతా ఏం చేశారన్నది ఎక్కడా ఉండదు. పతకాలు తీసెయ్యమని నేననడం లేదు, గెలిచిన పిల్లల పేర్లు పెద్దక్షరాల్లో వెయ్యాల్సిందే. వాటి పక్కనే ఇంకో పేజీ కావాలన్నాను: ఎవరు ఏం చేశారో, ఏం కనిపెట్టారో ఒక్కో వాక్యం. గుడ్డ తిప్పి ఐదో సంచి పట్టించిన అమ్మాయి పేరు. సగటు తియ్యాలన్న పిల్లాడి పేరు. మూడు రోజులు కూర్చుని నీటికాకి రెక్కలు సరిగ్గా గీసిన పిల్ల పేరు.

సంచిక చూసే మేడం చోటు లేదన్నారు. ప్రకటనల్లో అర పేజీ తగ్గించమని ప్రిన్సిపల్ గారినే అడిగాను. అరగంట మాట్లాడాక ఒప్పుకున్నారు.

21 నవంబర్, శుక్రవారం

సంచులన్నీ పూర్తయ్యాయి. కొన్నిటికి కుట్టు వంకర, ఒకదానికి చేతులు ఒకటి పొట్టీ ఒకటి పొడుగూ. మాస్టారు ఏదీ విప్పి మళ్ళీ కుట్టలేదు. పిల్లలతోనే విప్పించి వాళ్ళతోనే కుట్టించారు.

ఆయన పోగొట్టుకున్న పనిగంటలకు డబ్బులివ్వాలని ఆఫీసులో గట్టిగా పట్టుబట్టాను. బయటి నుంచి వచ్చి పాఠం చెప్పే ఇంజనీర్లకు ఇస్తున్నప్పుడు ఈయనకు ఎందుకివ్వకూడదు? పాఠం చెప్పిన వాళ్ళకు ఇచ్చే రేటే ఇస్తామన్నారు. సాయంత్రం ఆ మాట చెబితే ఆయన మొదట వద్దన్నారు. తర్వాత, "రసీదులో టీచర్ అని రాస్తారా మేడం?" అని అడిగారు. రాయిస్తాను.

నెల్లూరు తండ్రి మెసేజీ పెట్టారు, గురువారం సెలవు పెట్టి వస్తారట. రెండో జట్టుకు ఇంకో తాను కాటన్ కావాలి, ఈసారి 45 పన్నా తెప్పించాలి. ఆ ఒలింపియాడ్ పిల్లాడు ఎన్ని సంచులొస్తాయో అప్పుడే కాగితం కత్తిరించి పెట్టుకున్నాడు, జవాబు మాత్రం ఎవరికీ చెప్పడం లేదు.