పంటి చాటున

నోటిలో పుట్టే కణుతులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడడం నా వృత్తి. నోటి కాన్సరు అనగానే మనవాళ్ళకు పొగాకు, గుట్కా, ఉత్తరాంధ్ర అడ్డపొగ గుర్తుకు వస్తాయి. సహజమే, నా బల్ల మీదికి వచ్చేవాటిలోనూ అధికభాగం అవే. లింఫోమా ఆ కోవకు చెందదు. లింఫోసైట్లనే తెల్లకణాలు అదుపు తప్పి పెరగడం వల్ల కలిగే వ్యాధి అది. తరచుగా మెడలోనో చంకలోనో గ్రంథుల వాపుగా బయటపడుతుంది. అరుదుగా చిగురులోనో దవడ ఎముకలోనో మొదలవుతుంది. అప్పుడు దానికి సొంత ముఖం ఉండదు, పంటిజబ్బు వేషం కడుతుంది. పన్ను కదులుతుంది, చిగురు వాస్తుంది. పన్ను పీకించుకుంటారు, మాత్రలు మింగుతారు. గుంట మాత్రం మానదు.

ఈ వేషాలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా భయపెట్టేది వాపు కాదు, మొద్దుబారడం. దెబ్బ తగలకుండా, పన్ను పీకకుండా, కింది పెదవీ గడ్డమూ ఒకవైపు స్పర్శ కోల్పోతే, దవడలోని నరాన్ని ఏదో ఆక్రమిస్తోందేమోనని అనుమానించవలసిందే. నొప్పి లేదు కదా అని రోగి ఆ సంగతి చెప్పనే చెప్పడు.

1957లో ఉగాండాలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జనుకు ఒక పసివాణ్ణి చూపించారు. పైదవడా కిందిదవడా, రెండు వైపులా వాపులే. చీముగడ్డ అయితే నాలుగు చోట్ల ఒకేసారి ఎందుకు లేస్తుంది? కొద్దికాలానికే జింజా పట్టణంలో అటువంటి ముఖమే మరొక బిడ్డలో కనిపించింది. చిన్ననాడే ఒక కన్ను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఇద్దరు పిల్లలను కలిపి చూడగలిగిందీ ఆయనే! 1958లో ప్రచురించిన వ్యాసంలో దానిని సార్కోమా అన్నాడు. అది లింఫోమా అని తరువాత పేథాలజిస్టులు తేల్చారు. 1961లో లండనులో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, ఆ కణితులలో వైరసును వెతికి 1964లో సహచరులతో కలిసి లోకానికి చూపించాడు.

సూక్ష్మదర్శినిలో బర్కిట్ లింఫోమా నల్లని ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు ఉంటుంది. ఆ చుక్కలు నిజానికి చచ్చిన కణాలను మింగుతున్న భక్షకకణాలు. ఇంత అందమైన పోలిక ఇంత క్రూరమైన దానికా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒకటి రెండు రోజులకే ఆ కణాలు రెట్టింపు కాగలవు. అయితే వెంటనే తీవ్రమైన కీమోథెరపీ అందితే పిల్లలలో చాలామంది కోలుకుంటారు. అందుకే ఒక్కొక్క వారమూ విలువైనదే.

1997లో మరొక రకాన్ని వర్ణించారు, ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా. ముఖ్యంగా హెచ్‌ఐవీ ఉన్నవారి నోటిలో కనిపించింది. ఇది బి-కణాల సంతతే అయినా, ఆ సంతతిని గుర్తుపట్టడానికి మేము మామూలుగా వాడే సీడీ20 గుర్తు ఇందులో దాదాపు ఉండదు. ఆ ఒక్క పరీక్షను నమ్ముకుంటే దొంగ తప్పించుకుంటాడు. సీడీ138 వంటివి కూడా అడగాలి.

ఇవన్నీ జరగాలంటే ముందు ముక్క నా దాకా రావాలి. పన్ను పీకినప్పుడు గుంటలోనుంచి గీకిన మెత్తని కండ చాలాచోట్ల చెత్తబుట్టలో పడుతుంది. వచ్చిన ముక్క కూడా పటకారుతో నలిగితే కణాలు సిరా మరకల్లా సాగిపోతాయి. వాపు తగ్గాలని ముందే స్టీరాయిడ్లు ఇస్తే కణితి తాత్కాలికంగా కరిగి ఆనవాళ్ళు చెదిరిపోతాయి. ముక్కతోపాటు వచ్చే కాగితం మీద చాలాసార్లు "దవడ వాపు" అన్న రెండు మాటలే ఉంటాయి. "పెదవి మొద్దుబారింది" అని మరో రెండు మాటలు చేరిస్తే నేను ఆ స్లైడును వేరే కన్నుతో చూస్తాను, అడిగే పరీక్షల వరుస కూడా మారిపోతుంది.