బెంజి కారులో ఆరో సీటు

బెంజి కారెక్కాలంటే మన దగ్గర కోటీశ్వరుడన్నా అయ్యుండాలి, పెళ్లికొడుకన్నా అయ్యుండాలి. మొరాకోలో మాత్రం కూరగాయల సంచితో బయల్దేరిన పెద్దావిడ కూడా దశాబ్దాలపాటు బెంజిలోనే సంతకెళ్లొచ్చింది. కాకపోతే... పక్కన మరో ఐదుగురితో కలిసి!

మరాకేష్ పాత నగరం చుట్టూ ఎర్రమట్టి రంగు గోడ ఉంటుంది. ఆ గోడకున్న దర్వాజాల్లో ఒకటి బాబ్ దుక్కాలా. 2014కు ముందు ఏ ఉదయం అక్కడికెళ్లినా ఒకటే దృశ్యం. వరసగా నిలబడ్డ పాత మెర్సిడెస్ కార్లు. బానెట్ మీద మూడు కోణాల నక్షత్రం, టాపు మీద సామాన్ల క్యారియర్, వెనక నల్లటి డీజిల్ పొగ. డ్రైవర్లు ఊళ్ల పేర్లు పెట్టి కేకలేస్తుంటారు. మధ్యమధ్యలో 'బ్లాసా... బ్లాసా' అన్న మాట వినిపిస్తుంది. ఫ్రెంచి నుంచి వాళ్ల వాడుకలోకి వచ్చిన పదమది. సీటు అని అర్థం. ఒకప్పుడు హైదరాబాద్‌లో సెవెన్ సీటర్ ఆటోవాళ్లు 'ఒక్కరే... ఒక్కరే' అని పిలిచేవారు కదా, అచ్చం అలాగే!

మొరాకోలో టాక్సీలు రెండు రకాలు. ఊళ్లో తిరిగే చిన్నవాటిని పెటీ టాక్సీ అంటారు. కాసాబ్లాంకాలో ఎరుపు, రాజధాని రబాత్‌లో నీలం... ఊరికో రంగు. ఊరి నుంచి ఊరికి వెళ్లేది గ్రాండ్ టాక్సీ. దానికి టైమ్ టేబుల్ ఉండదు. ఆరుగురు నిండితే బయల్దేరుతుంది, నిండకపోతే లేదు. అయిదుగురు ఎక్కి కూర్చున్నాక ఆరోమనిషి కోసం గంటసేపు ఎదురుచూడటం అక్కడివాళ్లకు అలవాటే. అంత ఓపిక లేనివాళ్లు ఖాళీ సీటు డబ్బులు కూడా తామే కట్టేస్తారు. పరాయివాళ్లకు ఆనుకుని కూర్చోవడం ఇష్టంలేని ఆడవాళ్లు కొందరు ముందున్న రెండు సీట్లకూ ఒక్కరే చెల్లించి దర్జాగా కూర్చుంటారు.

'ముందు రెండు సీట్లేమిటి, డ్రైవర్ పక్కన ఉండేది ఒక్కటేగా' అంటారా? అసలు కథ అక్కడే ఉంది.

జర్మనీ లెక్క వేరు

ఆ కారు పేరు మెర్సిడెస్ 240డి. కంపెనీ లోపల పెట్టుకున్న నంబరు డబ్ల్యూ123. 1976లో జర్మనీలో విడుదలైంది. కంపెనీ కార్లలో అన్నిటికన్నా పెద్దది ఎస్-క్లాస్. దాని కిందిమెట్టు మీద ఉండే మధ్యతరహా కారు ఇది. డాక్టర్లు, వ్యాపారులు, పై స్థాయి ఉద్యోగులు కొనుక్కునేవారు. బుక్ చేశాక నెలల తరబడి ఆగాల్సి వచ్చేది. ఆగలేనివాళ్లు వాడిన కారునే కొత్త కారు ధరకు కొన్న రోజులున్నాయి. 1986 దాకా దాదాపు 27 లక్షల కార్లు తయారయ్యాయి. దీని తర్వాత వచ్చిన డబ్ల్యూ124కే 1993లో ఈ-క్లాస్ అన్న పేరు స్థిరపడింది. 1995లో పుణెలో తయారైన తొలి బెంజి కారు కూడా ఆ డబ్ల్యూ124నే. అంటే మరాకేష్‌లో సంచులు మోసిన ఆ ముసలి కారు, మనవాళ్లు ఆశగా చూసే ఈ-క్లాస్‌కు సాక్షాత్తూ పెద్దన్న!

వేగం అడిగితే మాత్రం నవ్వొస్తుంది. 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్. శక్తి మొదట్లో 65 హార్స్ పవర్, తర్వాత 72. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఇరవై సెకన్లకు పైనే పడుతుంది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే మామూలు చిన్న కార్లు కూడా అంతకన్నా చురుగ్గా ఉంటాయి. మరి జర్మన్లు దేనికి డబ్బులు పోశారు? తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడుకి. గుంతలో పడినా ఒళ్లు కుదపని సస్పెన్షన్‌కి. స్ప్రింగుల సీట్లకి. అన్నిటికీ మించి ఎన్నాళ్లయినా పాడవదన్న నమ్మకానికి. జర్మనీలో టాక్సీవాళ్లూ దీన్నే నమ్ముకున్నారు.

ఆ కార్లు మొరాకోకు ఎలా చేరాయన్నది వలస కథ. మనవాళ్లు గల్ఫ్ వెళ్లినట్టే 1960ల నుంచి మొరాకో కుర్రాళ్లు ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్‌లకు కూలి పనులకు వెళ్లారు. వేసవి సెలవులకు స్పెయిన్ మీదుగా వచ్చి, జిబ్రాల్టర్ జలసంధిని ఓడలో దాటి సొంతూరు చేరేవారు. మనవాళ్లు టేప్ రికార్డర్లు తెస్తే వాళ్లలో కొందరు ఏకంగా కార్లే తెచ్చారు. అక్కడ పాతబడిన బెంజి ఇక్కడ కొత్త జీవితం మొదలుపెట్టేది.

ముందు ఇద్దరు... వెనక నలుగురు

జర్మన్ ఇంజినీర్లు ఈ కారును డ్రైవరుతో కలిపి అయిదుగురి కోసం గీశారు. మొరాకోలో ఏడుగురు. డ్రైవర్ పక్క సీటులో ఇద్దరు, వెనక నలుగురు. కారు వెడల్పు బయటి నుంచి కొలిస్తేనే 1.8 మీటర్లు లేదు. తలుపుల మందం తీసేస్తే వెనక నలుగురికీ మిగిలేది ఎంతో ఎవరింట్లో సోఫా మీదైనా కొలిచి చూసుకోవచ్చు. అందుకే ఆ సీటుకో పద్ధతి ఏర్పడింది. ఒకరు వెనక్కి ఆనుకుంటే పక్కవారు ముందుకు జరగాలి. మూడోవారు వెనక్కి, నాలుగోవారు ముందుకు. భుజాలు ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటాయి. ఎవరికైనా తుమ్మొస్తే నలుగురూ కదులుతారు.

ముందు కూర్చున్న ఇద్దరిలో లోపలివాడి పరిస్థితి మరీ దయనీయం. డ్రైవర్ గేరు మార్చిన ప్రతిసారీ మోకాలు పక్కకు తీయాలి. ఒక్క అదృష్టం ఏమిటంటే ఈ కారులో సీట్ల మధ్య హ్యాండ్ బ్రేక్ లేదు. పార్కింగ్ బ్రేకును డ్రైవర్ ఎడమకాలితో నొక్కే పెడల్‌గా పెట్టారు. జర్మనీలో అదొక చిన్న సౌకర్యం. మొరాకోలో దానివల్ల ఒక మనిషి కూర్చోగలిగాడు!

మరి ఇంత ఇరుకులో సుఖం ఉందా? ఉంది, రోడ్డు పాడైనచోట. మరాకేష్ నుంచి వర్జాజాత్ వెళ్లే దారి సుమారు 200 కిలోమీటర్లు. అట్లాస్ పర్వతాలను 2,260 మీటర్ల ఎత్తున తిజీ న్ తిష్కా కనుమ దగ్గర దాటుతుంది. ఫ్రెంచివాళ్ల కాలంలో వేసిన రోడ్డది. శేషాచలం ఘాట్ రోడ్డు చూసినవాళ్లకు మలుపులు కొత్త కాదు కానీ, ఇక్కడి మలుపులు ఒక పట్టాన అయిపోవు. కింద ఆలివ్ చెట్లు, పైకి వెళ్లేకొద్దీ బోడి కొండలు, చలికాలంలో అంచుల్లో మంచు. అలాంటి దారిలో ఏడుగురు మనుషులు, టాపు మీద మూటలతో 240డి రెండో గేరులో గుర్రుగుర్రుమంటూ ఎక్కేది. రోడ్డు తెగిపోయి రాళ్లు తేలినచోట చిన్న కార్లలోవాళ్ల నడుములు విరుగుతుంటే, ఇందులో వెనక సీటు మెత్తగా ఊగేదంతే. కనుమ ముందు తద్దర్త్ అనే ఊరుంది. బండ్లన్నీ అక్కడ ఆగుతాయి. పొగలు కక్కే పుదీనా టీ, బొగ్గుల మీద కాల్చిన మాంసం. కాళ్లు చాపుకోవడానికి అదొక్కటే అవకాశం కాబట్టి టీ ఇంకాస్త తీయగా అనిపించేది.

భద్రత సంగతి మాత్రం వేరే చెప్పాలి. ప్రమాదంలో లోపలివాళ్లకు దెబ్బ తగలకుండా ముందు వెనక భాగాలు నలిగిపోయేలా ఈ కారును తయారుచేశారు. ఆ రోజుల్లో అది గొప్ప విషయమే. కానీ ఒక బెల్టు చోట ఇద్దరు కూర్చున్నప్పుడు ఏ ఇంజినీరింగూ పూర్తిగా కాపాడలేదు. పాత గ్రాండ్ టాక్సీలను తలుచుకుని మురిసిపోయే విదేశీ యాత్రికులు ఈ ముక్క సాధారణంగా రాయరు. వాళ్లలో చాలామంది ఆరు సీట్లూ మాట్లాడుకుని ఎక్కినవాళ్లే మరి!

నాణ్యతకు మాత్రం ఎవరూ వంక పెట్టలేకపోయారు. ఇంజిన్‌లో కంప్యూటర్ లేదు. ఒకసారి స్టార్టయితే డీజిల్ ఉన్నంతసేపు నడవడానికి కరెంటుతో పనిలేదు. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు దిగి తోస్తే చాలు... నలుగురికి ఎలాగూ కొదవలేదు. చెట్టుకింద షెడ్డులో స్పానర్లు, సుత్తి పెట్టుకుని కూర్చున్న మెకానిక్ ఇంజిన్ మొత్తం విప్పి మళ్లీ బిగించేవాడు. ఒక కారు తుక్కయితే దాని తలుపులు ఇంకోదానికి, గేర్ బాక్స్ మరోదానికి. సీటు చిరిగితే కుట్టించడం, రంగు పోతే వేయించడం. కొన్ని టాక్సీల్లో అద్దాలు దించే హ్యాండిల్ ఒక్కటే మిగిలేది. గాలి కావాల్సినవాళ్లు డ్రైవర్‌ను అడిగి తీసుకుని, తిప్పుకుని, తిరిగి ఇచ్చేయాలి.

'ఇంతకీ ఎన్ని కిలోమీటర్లు తిరిగుంటుంది' అంటే మొరాకోలో చెప్పడం కష్టం. మీటర్లు ఎప్పుడో ఆగిపోయి ఉంటాయి. కానీ గ్రీసులో ఒక లెక్క దొరికింది. థెస్సలోనికి నగరంలో గ్రెగోరియోస్ సాకినిదిస్ అనే టాక్సీ డ్రైవర్ దగ్గర 1976 నాటి 240డి ఉండేది. ఇది డబ్ల్యూ123 కన్నా ముందు తరం మోడల్. 2004లో దాన్ని కంపెనీకి అప్పగించేనాటికి 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది. చంద్రుడి దాకా ఆరుసార్లు వెళ్లొచ్చినట్టు! మధ్యలో ఇంజిన్లు మార్చాల్సి వచ్చిందన్నది నిజమే. అయినా అప్పటిదాకా ఏ బెంజి కారూ అంత దూరం తిరిగినట్టు కంపెనీకి తెలియదు. స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో రేసు కార్లతోపాటు ఆ టాక్సీకీ చోటిచ్చారు.

లెక్క కుదిరింది ఎవరికి?

వంద కిలోమీటర్లకు తొమ్మిది, పది లీటర్ల డీజిల్ తాగే కారు లాభసాటి ఎలా అయింది? ఆ ఖర్చును ఆరుగురు పంచుకోవడంవల్ల. అందుకే ఆ ఇరుకు. ఒక మనిషిని తగ్గిస్తే టిక్కెట్టు పెరుగుతుంది, కొండ మీది పల్లెటూరి మనిషి సంతకు వెళ్లడం మానేస్తాడు. పైగా టాక్సీ నడిపే పర్మిట్ చాలాసార్లు డ్రైవర్‌ది కాదు. ప్రభుత్వం కొందరికి ఉపకారంగా ఇచ్చిన పర్మిట్లవి. వాళ్లు దాన్ని అద్దెకిస్తారు. డీజిల్, పర్మిట్ అద్దె, కారు యజమాని వాటా పోగా మిగిలిందే డ్రైవర్ ఇంటికి పట్టుకెళ్లేది. చవగ్గా బాగుపడే కారు ఆ ఇంటికి అన్నం పెట్టింది.

మన దగ్గర ఇదే వంశం కారు కథ మరోవైపు సాగింది. 2017లో మెర్సిడెస్ మనదేశంలో ఈ-క్లాస్‌ను సాగదీసి, వెనక సీటులో కాళ్లు చాపుకునేలా పెద్ద వీల్ బేస్‌తో తెచ్చింది. కొనేవారు డ్రైవింగ్ సీటులో కూర్చోరని కంపెనీ గ్రహించింది. 2024 అక్టోబరులో కొత్త మోడల్ 78.5 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చింది, షోరూం ధరే సుమా. ఇందులో వెనక సాధారణంగా ఒక్కరే కూర్చుంటారు. కుర్చీ వెనక్కి వాలుతుంది, తొడల కింద ఆసరా ముందుకొస్తుంది. హాయి సంగతి అడగక్కర్లేదు. కానీ తెరలు, సెన్సర్లు నిండిన ఆ కారును నలభై ఏళ్ల తర్వాత చెట్టుకింద షెడ్డులో విప్పి బిగించగలరా అంటే... ఆ పందెం ఎవరూ కాయరు.

మొరాకో ప్రభుత్వం 2014లో ఒక పథకం పెట్టింది. పాత గ్రాండ్ టాక్సీని తుక్కుకిచ్చి కొత్త బండి కొంటే 80 వేల దిర్హమ్‌ల సాయం. అప్పటి లెక్కన దాదాపు 6 లక్షల రూపాయలు. మన అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కూడా ఆ ఏడాదే! టాంజియర్ దగ్గర 2012లో మొదలైన రెనో ఫ్యాక్టరీలో డాచియా లాడ్జీ అనే ఏడు సీట్ల బండి తయారయ్యేది. చాలామంది డ్రైవర్లు దానికే మారారు. ఒకటి తర్వాత ఒకటి బెంజిలు తుక్కు యార్డులకు చేరాయి. ఇన్నేళ్లు అన్నం పెట్టిన బండిని నలగ్గొట్టడానికి అప్పగించడం డ్రైవర్లకు తేలికేం కాదు. చెడితే తామే బాగుచేసుకునే రోజులు పోయి కంపెనీ సర్వీసింగ్, కొత్త బండి వాయిదాలు వచ్చిపడ్డాయి.

విదేశీ పత్రికలు 'ఒక శకం ముగిసింది' అని రాశాయి. సంతకెళ్లే పెద్దావిడకు మాత్రం ఆ శకం పోయినందుకు బాధపడాల్సిన పనిలేదు. లాడ్జీ అంత దృఢంగా ఉండదు, తలుపు చప్పుడు డబ్బా మోగినట్టుంటుంది, గుంతలో పడితే నడుముకు తెలుస్తుంది. అయితేనేం? ఆమెకంటూ ఒక సీటుంది, దానికో బెల్టుంది. పక్కవారి మోచేయి పక్కటెముకల్లో గుచ్చుకోదు. సుఖానికి ఆమె కొలబద్ద అది. అందులో బెంజి ఓడిపోయింది.

కొత్త బండికీ పాత నియమమే. ఆరుగురు నిండితేనే కదులుతుంది. ముందు వచ్చినవాళ్లు డ్రైవర్ పక్కన, నడిమి వరసలో కూర్చుంటారు. ఆలస్యంగా వచ్చిన ఇద్దరూ నడిమి సీటు మడత పెట్టించుకుని వెనకవరసలోకి దూరాలి. అక్కడ మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతాయి. అందుకే ఇప్పుడు స్టాండుకి పెందలాడే వెళ్తున్నారు.