కాటి సీను

మా తమ్ముడు పోయింది 1981 మాఘమాసంలో. నాకప్పుడు పదకొండేళ్ళు, వాడికి నాలుగు నిండలేదు. మెదడువాపు జ్వరమన్నారు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది. మొదటి రోజు ఇంటి వైద్యం, రెండో రోజు ఊళ్ళో డాక్టరు, మూడో రోజు గుంటూరు తీసుకుపోతుంటే నరసరావుపేట దాటకముందే నాన్న భుజం మీదే వాడి తల వాలిపోయింది. మిరపకోతల కాలమది. కూలీలు చేలో ఉన్నారు. సాయంత్రానికి వాణ్ణి వాగు పక్కన బొందలగడ్డలో పూడ్చి వచ్చారు. పసిబిడ్డల్ని కాల్చరు గదా.

అమ్మ రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు నుంచి చూడవచ్చిన ప్రతి మనిషీ ఒకటే మాట. "ఊరుకో. ఇంకొకడున్నాడు గదా, వాడి మొహం చూసుకో." ఆ ఇంకొకణ్ణి నేనే. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ నా వైపు చూసి కళ్ళు తుడుచుకునేది. వారం తిరిగేసరికి నిజంగానే ఊరుకుంది. ఏడుపుతో పాటు మాటా పోయింది, పాటా పోయింది.

పాట పోవడం మా ఇంట్లో చిన్న సంగతి కాదు. అమ్మ చదివింది ఐదో తరగతే అయినా గొంతు నిండా పాటలు. రోలు దగ్గర కూర్చుంటే ఊర్మిళాదేవి నిద్ర ఎత్తుకునేది. పొత్రం ఆగినా పాట ఆగేది కాదు. ఆ రోలు దగ్గరే ఇప్పుడు పప్పు నానబోసి, రుబ్బడం మర్చిపోయి, పొత్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది.

ఒక్క పని మాత్రం మర్చిపోలేదు. పొద్దుగూకే వేళకు ప్రమిద, వత్తి, ఆముదం సీసా తీసుకుని బొందలగడ్డకు నడిచేది. తోడు నేను. కొండ మీద నుంచి గాలి ఎదురుగా కొట్టేది, దీపం నిలిచేది కాదు. మూడు రాళ్ళు ఏరి చిన్న గూడు కట్టింది. దాంట్లో ప్రమిద పెట్టి, వెలిగించి, వత్తి నిలదొక్కుకునేదాకా అరచేతులు అడ్డం పెట్టి కూర్చునేది. అరచేతుల అంచులు ఎర్రగా మెరవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మేం రైలు పట్టాల దాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఆ చీకట్లో చిన్న చుక్క. ఉగాది దాకా సాగిందది. తర్వాత నాయనమ్మ మాన్పించింది. "పొద్దుగూకినాక ఆడదానికి బొందలగడ్డతో ఏం పని? ఉన్నోడి మీదికి తెస్తావా?" అంది. అమ్మ ఎదురు చెప్పలేదు. ఆముదం సీసాను అటక మీద పెట్టేసింది.

మా వినుకొండలో తొలి ఏకాదశికి తిరునాళ్ళ. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయాడన్న కబురు రాముడు విన్నది ఇక్కడేననీ, అందుకే ఇది విన్న కొండ అయిందనీ మా పెద్దవాళ్ళు చెప్పేవారు. కొండ మీద రామలింగేశ్వరుడు. పగలంతా మెట్లు ఎక్కే జనం, రాత్రికి కింద నాటకం. ఆ ఏడు సత్యహరిశ్చంద్ర.

పక్కింటి పెద్దమ్మ చాప చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చి, "రావే, నాలుగు పద్యాలు విని వద్దాం" అంది. నాయనమ్మ గయ్యిమంది. "కొడుకు చచ్చినదాన్ని తీసుకుపోయి లోహితుడి శవాన్ని చూపిస్తావా? నీకేమన్నా మతి ఉందా?" నాయనమ్మ మాటలో న్యాయముంది. ఆ కథలో పసివాడు పాముకాటుకు పోతాడు, తల్లి వాణ్ణి భుజాన వేసుకుని అర్ధరాత్రి కాటికి వస్తుంది. పెద్దమ్మ నాలిక కరుచుకుంది. అప్పుడు అమ్మ లేచింది. "నేను పోతాను" అంది. ఎన్నో రోజుల తర్వాత నేను విన్న నిండు మాట అదే.

పద్యనాటకం ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. రాత్రి పదింటికి మొదలయ్యేది, తెల్లారితే గానీ తెర దించేవారు కాదు. హరిశ్చంద్రులు ఇద్దరు. అడవి దాకా ఒకరు, కాటి సీనుకు ఇంకొకరు. కాటి సీనుకు వచ్చే ఆయనే అసలు మొనగాడు, ఆయన కోసమే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారు. పిల్లలం నక్షత్రకుడి చేష్టలకు నవ్వి నవ్వి నిద్రపోయాం. ఎవరో తట్టినట్టై లేచేసరికి స్టేజీ నల్లగా ఉంది. ఒక్క లైటు కింద కాటికాపరి వేషం, భుజాన కర్ర. హార్మోనియం ఒక్క స్వరం పట్టుకుని సాగదీస్తోంది. అంతమంది జనంలో ఒక్క దగ్గు లేదు.

ఆయన స్మశానాన్ని చూస్తూ పద్యాలు ఎత్తుకున్నాడు. రాజుల ముద్రికలూ, కవుల కలాలూ, కొత్త ఇల్లాళ్ళ నల్లపూసలూ అన్నీ కలిసిపోయే చోటు ఇదేనన్నాడు. ఏ తల్లుల కన్నీళ్ళకు కాగిపోయాయో ఈ రాళ్ళు అన్నాడు. వన్స్ మోర్ అని అరిచారు, మళ్ళీ పాడాడు. తర్వాత ఒక చంపకమాల. చీకట్లో ఒక కొత్త సమాధి, దాని మీద మిణుగురు పురుగులా ఒక దీపం. ఆముదం అయిపోయినా ఆరడం లేదట. దాన్ని దీపమనవచ్చునా, ఏ తల్లో అక్కడ దాచిపోయిన హృదయమనాలి గానీ అంటాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నొప్పి పుట్టింది. అప్పుడు ఆమె లోపలి నుంచి ఒక చప్పుడు వచ్చింది, ముందు దాన్ని ఏడుపని గుర్తుపట్టలేదు నేను. బావిలో చేద తెగి పడ్డట్టు వచ్చింది. పాడేవాడు చివరి పాదం దగ్గర రాగం తీస్తున్నాడు. ఆ రాగం ఎంత పొడుగుందో అమ్మ ఏడుపూ అంత పొడుగుంది. మా చుట్టూ ఆడవాళ్ళు చాపలు దగ్గరికి జరుపుకున్నారు. ఎవరో వీపు మీద చెయ్యి వేశారు. ఊరుకో అని మాత్రం ఎవరూ అనలేదు. అనే వీలు లేదు, వాళ్ళూ ఏడుస్తున్నారు.

తల్లి చంద్రమతి లోహితుణ్ణి భుజాన వేసుకుని వచ్చేసరికి పెద్దమ్మ భయపడి అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, నిటారుగా కూర్చుని, ఆ సీను అంతా రెప్పవేయకుండా చూసింది.

తెల్లవారుజామున ఇంటికి వస్తుంటే మా ముందు మా బళ్ళో తెలుగు మాస్టారు నడుస్తున్నారు. అమ్మ నాలుగు అడుగులు గబగబా వేసి, "మాస్టారూ, ఆ దీపం పద్యం రాసిందెవరండీ?" అని అడిగింది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదని మైకులో నాలుగుసార్లు చెప్పారు. ఈ పద్యాల సంగతి చెప్పలేదు. మాస్టారు ఆగారు. "నాటకం ఆయనదే గానీ తల్లీ, ఆ పద్యాలు జాషువా గారివి. మన వినుకొండాయనే" అన్నారు.

మూడో రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని మాస్టారు ఇంటికి వెళ్ళింది. ఆయన ఇల్లు పల్లెలో, అంటే దళితవాడలో. మా వీధి ఆడవాళ్ళు అటు వెళ్ళే రోజులు కావవి, వెళ్ళినా వాకిట్లో నిలబడి కూలీలను కేకేయడానికే. అమ్మ పందిరి కింద గడప దగ్గర నిలబడింది. మాస్టారు భార్య ఏం చెయ్యాలో తెలియక ఆయన వంక చూసింది. అమ్మే అంది, "ఎండన పడి వచ్చామక్కా, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి." ఆమె చెంబు తేవడం, అమ్మ ఎత్తి తాగడం, మిగిలిన నీళ్ళు నాకు ఇవ్వడం నా కళ్ళముందు జరిగాయి. దాని గురించి ఆ రోజు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

మాస్టారు పద్యాన్ని నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. పాదం పాదం చెప్పించారు. అమ్మకు సంస్కృతపు ముడులు తిరగలేదు. "తమస్సు అంటే చీకటే తల్లీ" అనేవారు. పదకొండో అక్షరం దగ్గర ఎర్ర సిరాతో చిన్న గీత పెట్టి, "ఇక్కడ యతి. ఇక్కడ ఊపిరి పీల్చుకో, లేకపోతే పాదం చివరిదాకా పోలేవు" అన్నారు. నాలుగైదు సార్లు వెళ్ళాం. వెళ్ళినప్పుడల్లా జాషువా గారి సంగతులు చెప్పేవారు. నాకు తెలుగు సాహిత్యంలో మొదటి పాఠాలు ఆ పందిరి కిందివే.

1895 సెప్టెంబర్ 28న చాట్రగడ్డపాడులో పుట్టాడట. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. మిషను బడిలో పంతులుగా చేశాడు. ఈ ఊళ్ళోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఈ కులంవాణ్ణి సభలోకి ఎవరు రానిచ్చారని అవమానించారు. ఆ మాట చెప్పేటప్పుడు మాస్టారు గొంతు తగ్గించారు, అది నిన్నో మొన్నో జరిగినట్టు. హిందూ కథల మీద కావ్యాలు రాస్తున్నాడని ఇటు క్రైస్తవులూ దూరం పెట్టారు. బతుకుతెరువుకు రాజమండ్రి పోయి, మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి ఆ కథను గొంతెత్తి చదివేవాడు. మాట లేని బొమ్మలకు తన మాట ఇచ్చాడన్నమాట. పేదరికం, కులమత భేదం తనకు ఇద్దరు గురువులని ఆయనే చెప్పుకున్నాడు. 1932లో ఫిరదౌసి రాశాడు. గజనీ మహమ్మదు బంగారు నాణేలు ఇస్తానని కావ్యం రాయించుకుని, చివరికి వెండి ఇచ్చి మోసం చేస్తే కుమిలిపోయిన పారశీక కవి కథ అది. తనలాంటి దుఃఖాన్ని అంత దూరం పోయి వెతికి తెచ్చుకున్నాడు. 1941లో గబ్బిలం. గుడిలోకి తనను రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు, కాబట్టి శివుడికి తన గోడు దాని చేత చెప్పి పంపుతాడు ఆ అంటరాని మనిషి. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి అంతటివాడు జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. 1971లో గుంటూరులో కన్నుమూశాడు.

గబ్బిలం కథ విన్న రోజు అమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. ఇల్లు కనబడుతుండగా, "ఆయన దేవుడికి చెప్పుకోవటానికి గబ్బిలాన్ని పట్టుకున్నాడు. ఆయన పద్యాన్ని నేను పట్టుకున్నా" అంది.

ఆ శ్రావణం నుంచి మా ఇంట్లో ఒక కొత్త ఆనవాయితీ మొదలైంది. అటక మీది ఆముదం సీసా కిందికి దిగింది. సంధ్యవేళ తులసికోట దగ్గర దీపం పెట్టి, అమ్మ ఆ పద్యం ఒక్కసారి పాడేది. నాటకపు రాగం కాదది, తన రోటిపాటల గొంతుతోనే. ఎర్ర గీత దగ్గర ఊపిరి పీల్చుకునేది. కొన్ని రోజులు పద్యం సగంలో తెగిపోయేది, తర్వాత మళ్ళీ ఎత్తుకునేది. నాయనమ్మ మొదట్లో లోపలికి వెళ్ళిపోయేది. స్మశానం పద్యం సంధ్యవేళ ఇంట్లోనా అని గొణిగేది.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం నాయనమ్మ వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని పద్యం మొత్తం వింది. అయిపోయాక చాలాసేపటికి, "నాకూ ఇద్దరు పోయారే. ఒకడికి ఏడాది, ఒకదానికి మూడేళ్ళు" అంది. నాన్న వరండాలో ఉన్నాడు. ఆయనకు తోబుట్టువులుండేవారని అప్పటిదాకా నాకు తెలియదు. "ఆడపిల్లకు నువ్వే పేరుపెట్టావురా, నీకు గుర్తులేదు" అని నాన్నతో అంది నాయనమ్మ. ఆ పేరేమిటో చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు. అమ్మ దీపంలో ఇంకాస్త ఆముదం పోసి, ఈసారి నాయనమ్మ కోసం పద్యం మళ్ళీ పాడింది. నాన్న వరండాలోంచి లేచి చీకట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. తమ్ముడు పోయినప్పుడు ఆయన ఏడవడం నేను చూడలేదు. ఆ రాత్రి విన్నాను.

పద్యం వల్ల అమ్మ తమ్ముణ్ణి మర్చిపోయిందని నేను చెప్పను. మాఘం వస్తే ఆమెకు అన్నం దిగేది కాదు, చివరిదాకా అంతే. కానీ రోలు దగ్గర పాట తిరిగి వచ్చింది. ఊళ్ళో ఎవరింట్లో పసిబిడ్డ పోయినా అమ్మ వెళ్ళేది. అందరూ ఊరుకో అంటుంటే ఈమె ఆ తల్లి పక్కన కూర్చుని, "వాడి గురించి చెప్పు" అనేది. అది ఆమె నేర్చుకున్నది ఒక రాత్రి నాటకంలో, ఒక పల్లె పందిరి కింద.

అమ్మ 2014లో వెళ్ళిపోయింది. ఆ నోటుబుక్కు నా దగ్గరుంది. సిరా వెలిసింది, ఎర్ర గీత మాత్రం బాగానే కనబడుతోంది. మాస్టారు అంతకు చాలా ముందే పోయారు.

ఈసారి మీ ఊళ్ళో హరిశ్చంద్ర ఆడితే నిద్ర ఆపుకుని కాటి సీను దాకా కూర్చోండి. పక్కనున్న పిల్లల్ని లేపండి. ఆ పద్యాలు వినుకొండ గుర్రం జాషువావని వాళ్ళకు పేరుపెట్టి చెప్పండి.