బైబిల్ మిషన్ అనే ఫోర్క్

మా కరీంనగర్‌లో క్రైస్తవులు అనగానే చాలామందికి సి.ఎస్.ఐ. చర్చే గుర్తొస్తుంది. ఇక్కడి పాత వెస్లియన్ మెథడిస్టులు 1947లో ఆంగ్లికన్లతోనూ మరికొందరితోనూ కలిసి అలా అయ్యారు. ఏ గల్లీలోనో రేకుల షెడ్డు మీద ‘బైబిల్ మిషన్’ బోర్డు కనిపిస్తే మాత్రం "అదో చీలిక వర్గంలే" అనేస్తారు. నాకా మాట నచ్చదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో అది ఫోర్క్. ఎందుకు చేశారో చూడకుండా తీసిపారేస్తే ఎలా?

చేసినాయన ముంగమూరి దేవదాసు అయ్యగారు. రాజమండ్రి దగ్గర జేగురుపాడు ఆయనది. లూథరన్ సంఘంలో పనిచేశారు, పాటలు రాశారు. 1938 జనవరి 31న రాజమండ్రిలో ప్రార్థనలో ఉండగా ‘బైబిల్ మిషన్’ అని బంగారు అక్షరాలు కనిపించాయని చెప్పి బయటికొచ్చేశారు. లూథరన్ల వెనక అమెరికా ఉంది, మెథడిస్టుల వెనక ఇంగ్లండు ఉంది. ఈయన వెనక ఏ దేశమూ లేదు. 1960లో పోయారు. పుట్టింది 1840లో అంటారు అనుచరులు, అంటే మోషేలాగే నూట ఇరవై ఏళ్లన్నమాట! (నేను నమ్మను, అది వేరే సంగతి.) తమాషా ఏంటంటే, ఆయన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో అలాగే ఉండిపోయాయి. వదిలేసి వచ్చిన లూథరన్లు కూడా పాడుతూనే ఉన్నారు.

సిద్ధాంతంలో పెద్ద తేడా లేదు. అదే బైబిలు, అదే త్రిత్వం. తేడా అల్లా దేవుడు ఇప్పటికీ దర్శనాల్లో, కలల్లో మాట్లాడతాడు, రోగాలు బాగుచేస్తాడు అని గట్టిగా నమ్మడం. సందేహం వస్తే మౌనంగా సన్నిధిలో కూర్చుని ఆయన్నే అడుగు, అంతే. పి. సాల్మన్ రాజు గారు, స్వయంగా లూథరనే, 1986లో దీని మీద ఇంగ్లీషులో పుస్తకం రాస్తూ జానపద మతం అన్నారు. నాకది సరైన మాటే అనిపిస్తుంది.

మా పక్కింటి పెద్దమ్మకు చదువు రాదు. కొడుకు సంబంధం గురించి ఏ పాస్టరునీ అడగలేదు, మూడు రోజులు సన్నిధిలో కూర్చుని తనే తేల్చుకుంది. ఇంట్లో ఎవ్వరూ ఎదురు చెప్పలేదు. ఆమె మాటకు అంత బరువు ఇంకెక్కడ దొరికేది?

కానీ అందరి కలలూ చెల్లితే, రెండు కలలు కొట్టుకున్నప్పుడు ఎవరిది నెగ్గాలి? ఒకసారి పెద్దమ్మ షుగర్ గోళీలు మానేస్తానంది. సంఘంలో ఎవరూ చెప్పలేదు, కలలో వచ్చిందట. డాక్టరు మాట, కొడుకు మాట ఏదీ పనిచెయ్యలేదు. చివరికి కూతురు రెండు రోజులు ఉపవాసం ఉండి, "నాకూ కలొచ్చిందే అమ్మా, మింగమన్నడు" అంది.

పెద్దమ్మ కాసేపు ఆలోచించి, నీళ్లు తెమ్మంది.